ఇంటి కంప్యూటరే సర్వర్ అయితే... జాబితాలోని పేర్లకు భద్రత ఎలా?

రంజాన్ దగ్గరపడుతోందంటే చాలా మొహల్లాల్లో ఒక పని మొదలవుతుంది. ఏ ఇంటికి రేషన్ కిట్ ఇవ్వాలి, ఏ పిల్లల స్కూలు ఫీజు బాకీ ఉంది, భర్త చనిపోయిన ఏ అక్కకు నెలనెలా సాయం వెళ్తోంది... ఈ వివరాలన్నీ ఒకప్పుడు కమిటీ ఖజాంచీ దగ్గర ఒక రిజిస్టర్‌లో ఉండేవి. రిజిస్టర్ అల్మారాలో, తాళంచెవి ఆయన జేబులో. ఇప్పుడు చాలాచోట్ల ఆ జాబితా ఎక్సెల్ షీట్‌గా మారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఎవరో ఒకరు పొరపాటున ఫార్వర్డ్ చేస్తే చాలు, ఫలానా ఇంటివాళ్ళు సాయం తీసుకుంటున్నారని బస్తీ అంతా తెలిసిపోతుంది.

ఇలాంటప్పుడే ఇంజనీరింగ్ చదివే అమ్మాయో అబ్బాయో ఒక ఆలోచన చెబుతారు. "చాచా, మా ఇంట్లో పాత కంప్యూటర్ ఖాళీగా ఉంది. దాంట్లో డేటాబేస్ పెట్టి చిన్న వెబ్‌సైట్ చేసేస్తాను. కమిటీ వాళ్ళంతా ఫోన్‌లోనే చూసుకోవచ్చు."

ఆలోచన మంచిదే. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితం, ఖర్చు కూడా పెద్దగా లేదు. కానీ చాచా తిరిగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "బేటీ, ఈ పేర్లు బయటివాళ్ళకు కనబడవు కదా?" ఈ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పాలంటే ఏమేం చేయాలో చూద్దాం.

కౌంటర్ వేరు, గోదాం వేరు

సర్వర్ అంటే ఏదో పెద్ద యంత్రం కాదు. అడిగినవాళ్ళకు జవాబు ఇచ్చే పని పెట్టుకున్న కంప్యూటర్ ఏదైనా సర్వరే. ఇక్కడ రెండు ప్రోగ్రాములు కలిసి పనిచేస్తాయి. మొదటిది వెబ్ సర్వర్. 1995లో వచ్చిన అపాచీ, 2004లో వచ్చిన ఎన్‌జిన్‌ఎక్స్ ఇందులో బాగా వాడుకలో ఉన్నవి. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి అడిగితే పేజీ పంపేది ఇదే. రెండోది డేటాబేస్. పేర్లు, మొత్తాలు, తేదీలు వరుసగా దాచిపెట్టి, అడిగినప్పుడు వెతికి ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్, దాని నుంచే పుట్టిన మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ ఇలాంటివి.

కిరాణా కొట్టుతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. వెబ్ సర్వర్ కౌంటర్ లాంటిది, డేటాబేస్ వెనక ఉన్న గోదాం. గిరాకీ కౌంటర్ దగ్గరే నిలబడతాడు, సరుకు లోపలి నుంచి పనివాడు తెచ్చిస్తాడు. గిరాకీ గోదాంలోకి వెళ్ళడు. అసలు గోదాంకు వీధివైపు తలుపే ఉండకూడదు. మొత్తం భద్రతలో సగం ఈ ఒక్క మాటలోనే ఉంది.

కంప్యూటర్‌లో ఈ తలుపులను పోర్టులు అంటారు. ఒక్కోదానికి ఒక్కో నంబర్. మామూలు వెబ్ పేజీలకు 80, తాళం గుర్తుతో వచ్చే హెచ్‌టీటీపీఎస్ పేజీలకు 443. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలకు 3306. పోస్ట్‌గ్రెస్‌కు 5432. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌కు 22.

గోదాం తలుపు వీధిలోకి తెరిస్తే ఏమవుతుందో 2017 జనవరిలో ప్రపంచం చూసింది. మాంగోడీబీ అనే డేటాబేస్‌ను పాస్‌వర్డ్ కూడా లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవాళ్ళు చాలామంది ఉన్నారు. దొంగలు అలాంటి వేల డేటాబేస్‌లలో ఉన్నదంతా తుడిచేసి, "బిట్‌కాయిన్ పంపితే తిరిగిస్తాం" అని ఒక చీటీ పెట్టి వెళ్ళారు. తాళం పగలగొట్టే అవసరమే వాళ్ళకు రాలేదు. తలుపు తీసే ఉంది మరి.

"మనది చిన్న మొహల్లా, మన కంప్యూటర్‌ను ఎవరు పట్టించుకుంటారు?" అనుకోవడం పొరపాటు. ఇక్కడ వెతికేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. వేగమైన లైన్ ఉంటే వాటన్నిటి మీదా ఒక పోర్టును 45 నిమిషాల్లో తట్టి చూడవచ్చని 2013లోనే మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసి చూపించారు. తెరిచి ఉన్న తలుపులను జాబితా చేసిపెట్టే షోడాన్ లాంటి సెర్చ్ ఇంజిన్లు కూడా ఉన్నాయి. ఇంటి సర్వర్ ఇంటర్నెట్‌కు తగిలిన కొద్దిసేపటికే తలుపు తట్టడం మొదలవుతుంది.

అసలు ఇంటర్నెట్‌కు పెట్టాలా?

సాఫ్ట్‌వేర్ దించుకోక ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. వాడేవాళ్ళు ఎవరు, ఎక్కడి నుంచి వాడతారు? జవాబును బట్టి మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, ఇంటి వైఫైలో ఉన్నప్పుడు మాత్రమే వాడటం. ఇంట్లోని కంప్యూటర్లకు రూటర్ ఇచ్చే 192.168తో మొదలయ్యే చిరునామాలు బయటి నుంచి నేరుగా కనబడవు. దుకాణం హిసాబ్, ఇంటి ఖర్చులు, పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం... వీటికి ఇది చాలు.

రెండు, నలుగురైదుగురు నమ్మకస్తులు బయటి నుంచి కూడా చూడాలి. కమిటీ అవసరం సరిగ్గా ఇదే. దీనికి వీపీఎన్ మంచి దారి. ఒక్కో ఫోన్‌కు విడిగా తాళంచెవి ఇస్తారు. ఆ తాళంచెవి ఉన్న ఫోన్‌కే సర్వర్ కనబడుతుంది, మిగతా ప్రపంచానికి అక్కడొక సర్వర్ ఉందన్న సంగతే తెలియదు. 2020 నుంచి లైనక్స్‌లోనే భాగమైన వైర్‌గార్డ్ ఇందుకు ఉచితంగా దొరుకుతుంది.

మూడు, ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్. నమాజు వేళలు, పెళ్ళి హాలు బుకింగ్ సమాచారం లాంటి వాటికైతే సరే. సాయం తీసుకునే వాళ్ళ జాబితా ఉన్న కంప్యూటర్‌లో మాత్రం దీన్ని పెట్టకపోవడమే మేలు. అలాంటి పేజీలకు బయట తక్కువ ధరకే హోస్టింగ్ దొరుకుతుంది.

ఇక్కడ మన దగ్గర ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇంటి కనెక్షన్‌కు సొంత పబ్లిక్ చిరునామా ఇవ్వవు. ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతాయి. రూటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య నంబర్లతో మొదలైతే మీదీ అలాంటి కనెక్షనే. అప్పుడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. రోజుల తరబడి కుస్తీ పట్టి విసిగిపోయేది ఇక్కడే. కంపెనీకి అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదంటే టెయిల్‌స్కేల్ లాంటి సేవ వాడాలి. టెయిల్‌స్కేల్ లోపల నడిచేది వైర్‌గార్డే. ఇంటి కంప్యూటర్ తానే బయటికి కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి రూటర్‌లో ఏ తలుపూ తీయనక్కర్లేదు.

కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

పిల్లలు గేములు ఆడే, ఎక్కడెక్కడి నుంచో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకునే కంప్యూటర్ ఈ పనికి పనికిరాదు. సర్వర్‌కు విడిగా ఒకటి ఉండాలి. పాతదైనా ఫరవాలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాంటి పాత మెషీన్‌ను మూలన పడేయకుండా అందులో ఉబుంటు లైనక్స్ వేసుకోవచ్చు. ఉబుంటు 24.04కు 2029 వరకు ఉచితంగా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అవి వాటంతట అవే పడేలా పెట్టాలి. "తర్వాత చూద్దాం" అని వదిలేసిన అప్‌డేటే చాలాసార్లు దొంగకు దారి అవుతుంది.

కరెంటు బిల్లు కూడా లెక్క వేసుకోవాలి. 60 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రాత్రింబగళ్ళు నడిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు. 15 వాట్లతో సరిపెట్టుకునే పాత ల్యాప్‌టాప్ అయితే 11 యూనిట్లలోపే. పైగా బ్యాటరీ సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్‌కు చిన్నపాటి యూపీఎస్ ఉన్నట్టే. రాసే మధ్యలో కరెంటు పోయినా తనను తాను సరిచేసుకునే ఏర్పాటు మంచి డేటాబేస్‌లలో ఉంటుంది. అలాగని దాని మీదే భారం వేయకూడదు.

తర్వాత డిస్క్ ఎన్‌క్రిప్షన్. ఇంట్లో దొంగలు పడి కంప్యూటర్ ఎత్తుకెళ్తే? డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే జాబితా మొత్తం బయటపడుతుంది. ఉబుంటు వేసేటప్పుడే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయమని ఎంచుకుంటే ఆ భయం ఉండదు. దీనికో ఇబ్బంది ఉంది. కరెంటు పోయి కంప్యూటర్ మళ్ళీ లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు దగ్గర కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాలి. ఇంట్లో వాళ్ళకు ఆ మాత్రం నేర్పితే సరిపోతుంది.

రూటర్‌ను కూడా మరవకూడదు. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ కొన్ననాటిదే ఉంటే మార్చాలి. యూపీఎన్‌పీ అనే సౌకర్యం ఆన్‌లో ఉంటే ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా అడగకుండానే బయటికి తలుపు తెరిపించుకోగలదు.

డేటాబేస్‌కు నాలుగు జాగ్రత్తలు

మరియాడీబీ ఇన్‌స్టాల్ చేయడం ఐదు నిమిషాల పని. దాంతోపాటే సెక్యూర్ ఇన్‌స్టలేషన్ అనే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. దాన్ని నడిపితే పేరులేని యూజర్లను, పరీక్షకు పెట్టిన డేటాబేస్‌ను తీసేస్తుంది. రూట్ యూజర్ దూరం నుంచి లాగిన్ కాకుండా ఆపుతుంది. ఆ తర్వాత చూసుకోవాల్సినవి ఇవి.

మొదటిది, డేటాబేస్ సెట్టింగుల్లో బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉండాలి. అంటే అదే కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములు అడిగితేనే జవాబు ఇస్తుంది. గోదాంకు వీధి తలుపు లేకుండా చేసే సెట్టింగ్ ఇదే. పక్క గదిలోని ల్యాప్‌టాప్ నుంచి 3306 పోర్టుకు కనెక్ట్ కావడానికి ప్రయత్నించి చూడాలి. కనెక్ట్ కాకపోతేనే మీ పని సరిగ్గా జరిగినట్టు.

రెండోది, వెబ్‌సైట్‌కు రూట్ పాస్‌వర్డ్ ఇవ్వకూడదు. దానికి విడిగా ఒక యూజర్‌ను చేసి, చదవడం, చేర్చడం, సవరించడం వరకే హక్కు ఇవ్వాలి. టేబుల్‌ను పూర్తిగా తీసేసే హక్కు దానికెందుకు?

మూడోది, నేర్చుకోవడానికి చాలామంది వాడే గ్జాంప్‌లాంటి ప్యాకేజీని అలాగే అసలు పనికి దించేయకూడదు. అందులో సౌకర్యం కోసం చాలా తలుపులు తెరిచే ఉంటాయి. డేటాబేస్ రూట్‌కు పాస్‌వర్డే ఉండదు. ఇది నేర్చుకునేవాళ్ళ కోసం మాత్రమేనని దాన్ని తయారుచేసినవాళ్ళే చెబుతారు. డాకర్ వాడేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. డాకర్‌లో బయటికి ప్రకటించిన పోర్టు ఉబుంటు ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ ఉందిలే అని నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది, పైసా ఖర్చు లేనిది. అవసరం లేని వివరం అసలు రాసుకోవద్దు. రేషన్ కిట్ ఇవ్వడానికి ఆధార్ నంబర్ ఎందుకు? బ్యాంకు పాస్‌బుక్ ఫోటో ఎందుకు? దాచిపెట్టని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు.

కౌంటర్ దగ్గర కాపలా

డేటాబేస్ లోపల భద్రంగా ఉన్నా, కౌంటర్ దగ్గర పనివాడు అమాయకుడైతే సరుకు పోతుంది. దీనికి పాత ఉదాహరణ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. పేరు రాయాల్సిన గడిలో ఒకడు పేరుకు బదులు డేటాబేస్‌కు అర్థమయ్యే ఆదేశం రాస్తాడు. వెబ్‌సైట్ ప్రోగ్రామ్ దాన్ని అలాగే లోపలికి మోసుకెళ్తే డేటాబేస్ ఆ ఆదేశాన్ని పాటించి జాబితా మొత్తం చేతికిచ్చేస్తుంది. ఈ చిట్కా 1998 నుంచే లోకానికి తెలుసు, ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. దీనికి మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. ఆదేశాన్ని ముందే ఖరారు చేసి, వాడేవాళ్ళు రాసినదాన్ని కేవలం విలువగా పంపే పద్ధతి ఇది. పీహెచ్‌పీ అయినా పైథాన్ అయినా ఈ సౌకర్యం ఉంటుంది. వాడాలంతే.

కమిటీలో ఒక్కొక్కరికీ విడిగా లాగిన్ ఉండాలి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఎవరు ఏం మార్చారో తెలియదు, ఒకరు కమిటీ నుంచి వెళ్ళిపోతే అందరికీ మార్చాల్సి వస్తుంది. ఆ పాస్‌వర్డులను డేటాబేస్‌లో ఉన్నవి ఉన్నట్టు రాయకూడదు. బీక్రిప్ట్ లాంటి పద్ధతిలో హాష్ చేసి దాచాలి. అప్పుడు డేటాబేస్ దొంగ చేతికి వెళ్ళినా మంచి పాస్‌వర్డులను వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

సైట్‌ను బయటికి పెడితే హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి. అది లేకపోతే హోటల్ వైఫైలో లాగిన్ అయిన సభ్యుడి పాస్‌వర్డ్‌ను అదే వైఫైలో ఉన్న ఇంకొకడు చదవగలడు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దీనికి ఉచితంగా సర్టిఫికెట్ ఇస్తోంది. దాని గడువు తక్కువ, ఇన్నాళ్ళూ 90 రోజులు. అందుకే దానంతట అదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవాలి. దీనికి మామూలుగా ఒక డొమైన్ పేరు కావాలి. వీపీఎన్ లోపలే వాడేవాళ్ళకు ఇంత తొందర లేదు, దారి ముందే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.

ఫైర్‌వాల్‌కు ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఉంది. బయటి నుంచి వచ్చేవన్నీ ఆపు, కావలసినవే వదులు అనేది దాని నియమం కావాలి. దూరం నుంచి పనిచేస్తుంటే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇచ్చి, ఆ తర్వాతే ఫైర్‌వాల్ ఆన్ చేయాలి. వరుస తప్పితే మీ ఇంటి బయట మీరే నిలబడిపోతారు.

ఇంకో చిన్న పొరపాటు తరచూ పెద్ద నష్టం తెస్తుంది. డేటాబేస్ బ్యాకప్ ఫైలును తాత్కాలికంగా వెబ్‌సైట్ ఫోల్డర్‌లోనే పెట్టి మరిచిపోవడం. అన్ని తాళాలూ వేసి, జాబితా నకలును కౌంటర్ మీద వదిలేసినట్టే అది.

బ్యాకప్: తిరిగి తెచ్చి చూస్తేనే లెక్క

భద్రత అంటే బయటివాళ్ళకు కనబడకపోవడం ఒక్కటే కాదు, మనకు కనబడటం కూడా. హార్డ్ డిస్క్ చెప్పాపెట్టకుండా పోతుంది. అందుకే మూడు నకళ్ళు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట అనే సూత్రం పాటిస్తారు. రోజూ రాత్రి డేటాబేస్‌ను ఒక ఫైలుగా తీసి, ఎన్‌క్రిప్ట్ చేసి, ఒకటి బయటి డిస్క్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉంచాలి. బయటి డిస్క్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు అదీ పోతుంది. నకలు తీశాక ఊడదీసి పెట్టాలి.

నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తిరిగి ఎక్కించి, పేర్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి. బ్యాకప్ ఖాళీ ఫైలు అని అవసరం పడ్డ రోజు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

చట్టం ఏమంటోంది?

2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఇంట్లో సొంత అవసరానికి రాసుకునే వివరాలను వదిలేసింది. కమిటీ నడిపే సాయం జాబితాను సొంత అవసరం అని చెప్పుకోవడం కష్టం. వివరాలను కాపాడటానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే ఈ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. చిన్న కమిటీ మీద అంత జరిమానా పడుతుందని భయపడనక్కర్లేదు. అయినా వివరాలు ఇచ్చినవాళ్ళను అడిగి, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, పని అయ్యాక తీసేయడం మొదటి నుంచే అలవాటు చేసుకోవాలి.

ఎవరి చేతిలో తాళంచెవి?

ఇంత చేశాక కూడా మిగిలే ప్రశ్న ఒకటి ఉంది. సర్వర్ పెట్టిన అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, లేదా పెళ్ళయి దుబాయ్ వెళ్తుంది. అప్పుడు అప్‌డేట్లు ఎవరు చూస్తారు? డిస్క్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? చూసుకునే మనిషి లేని సర్వర్ మెల్లమెల్లగా తాళం తుప్పుపట్టిన ఇల్లవుతుంది. నెలకు కనీసం ఒక గంట దీనికి కేటాయించే మనిషి లేకపోతే, ఇంటి సర్వర్ ఆలోచనే మానుకోవడం మంచిది. ఆ జాబితాను నెట్‌కు తగలని ఒకే ఒక్క కంప్యూటర్‌లో, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుగా ఉంచుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు.

మనిషి ఉంటే మాత్రం మొదటి రోజే రెండో మనిషికి పని నేర్పాలి. ఏ కంప్యూటర్, ఏ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎక్కడుంది, ఎలా తిరిగి ఎక్కించాలి... ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి, ఖజాంచీ చాచాకు ఇవ్వాలి. పాత రిజిస్టర్ ఉన్న అల్మారాలోనే ఆయన దాన్ని పెట్టి తాళం వేసుకుంటారు. "పేర్లు బయటివాళ్ళకు కనబడవు కదా?" అని ఆయన మళ్ళీ అడిగినప్పుడు, ఏ తలుపు ఎలా మూసి ఉందో ఒక్కొక్కటిగా చూపించి మరీ చెప్పవచ్చు. ఆ పేర్లు ఆయనకు అప్పగించిన అమానత్. వాటి లెక్క అడిగే హక్కు ఆయనకు ఉంది.